కాక తగలాల్సింది మెడకే

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద. రైఫిల్ పేల్చాక మిగిలే ఇత్తడి కేసులను మళ్లీ నింపి వాడుకునేవాళ్లు, వాటిని వేడి చేసి మెత్తబరిచే పని గురించి అడిగారు. పుస్తకాల్లో దాన్ని ఎనీలింగ్ అంటారు. నేను ముప్పై ఏళ్లు పని చేసిన ఫర్నేస్ సెక్షన్‌లో మేం 'కాక పెట్టడం' అనేవాళ్లం. ఇక్కడా అదే అంటాను. జవాబులకు ముందు ఒక్క మాట. సొంతంగా తూటాలు నింపుకోవడానికి మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో, మీ లైసెన్సులో ఆ అనుమతి ఉందో లేదో ముందు తేల్చుకోండి. తుపాకీ మందు కొలతలు అడిగినవాళ్లకు ఇక్కడ జవాబు ఉండదు. నేను మాట్లాడేది లోహం గురించే.

ప్రశ్న: ఒకే డబ్బాలో కొన్న వంద కేసులు వాడుతున్నాను. ఆరోసారి పేల్చాక చూస్తే పదకొండు కేసులకు మూతి దగ్గర నిలువుగా సన్నటి చీలిక కనిపించింది. క్లబ్బులో ఒకాయన 'ఎర్రగా కాల్చి నీళ్లలో పడెయ్' అంటున్నారు. ఇంకొకాయన కొవ్వొత్తి మంట చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిదీ వినకండి. మొదటాయన మాట వింటే కేసులు పాడవుతాయి. రెండో ఆయన మాట వింటే సాయంత్రం పాడవుతుంది.

ముందు ఆ చీలిక ఎందుకొచ్చిందో చూద్దాం. మీ కేసు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్ కలిసిన ఇత్తడి. ఈ ఇత్తడిని సాగదీసినా, నొక్కినా, వంచినా ప్రతిసారీ కొంచెం గట్టిపడుతుంది. సన్నటి ఇత్తడి తీగను ఒకేచోట అటూ ఇటూ వంచి చూడండి. మొదట సులువుగా వంగుతుంది, తర్వాత మొరాయిస్తుంది, ఆఖరికి పుటుక్కున తెగుతుంది. మీ కేసు మెడకు, అంటే బుల్లెట్‌ను పట్టుకునే సన్నటి మూతి భాగానికి, జరుగుతున్నదీ అదే. పేల్చినప్పుడు మెడ ఉబ్బి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకు తగులుతుంది. మీరు సైజింగ్ డైలో, అంటే కేసును పాత కొలతకు తెచ్చే అచ్చులో, పెట్టి దాన్ని మళ్లీ నొక్కుతారు. డై లోపల ఉండే బటన్ అనే గుండ్రటి ముక్క మెడలోంచి బయటికి వస్తూ ఇంకోసారి సాగదీస్తుంది. బుల్లెట్ కూర్చోబెట్టినప్పుడు మరోసారి. ఒక్కసారి పేల్చి మళ్లీ నింపేలోపు మెడ ఇన్నిసార్లు నలుగుతుంది. మెడ గోడ మందమా, మిల్లీమీటరులో మూడో వంతు అటూ ఇటూ. ఆరుసార్లు తట్టుకుందంటే మెచ్చుకోవాలి.

చీలడానికి చాలా ముందే ఇంకో తేడా మొదలవుతుంది, దాన్ని చాలామంది గమనించరు. గట్టిపడిన ఇత్తడికి తిరిగి తన్నే గుణం ఎక్కువ. డైలో నొక్కినంతసేపు నొక్కినట్టే ఉండి, బయటికి తీయగానే కొంత వెనక్కి తెరుచుకుంటుంది. ఒక్కో కేసు ఒక్కోలా తెరుచుకుంటుంది కాబట్టి బుల్లెట్‌ను పట్టుకునే బిగువు కూడా ఒక్కోలా ఉంటుంది. బుల్లెట్ కూర్చోబెట్టేటప్పుడు ప్రెస్ హ్యాండిల్ ఒక కేసుకు వెన్నలో దిగినట్టు దిగి, తర్వాతి దానికి కరకరమంటూ మొండికేస్తే, కారణం చాలాసార్లు ఇదే. దూరం టార్గెట్ మీద గుండ్లు నిలువుగా చెదిరితే పౌడర్‌ను తిట్టే ముందు ఆ హ్యాండిల్ ఏం చెబుతోందో వినండి.

ఇప్పుడు మీ మొదటి సలహాదారుడి సంగతి. ఆయన్ని నేనేమీ అనలేను, ఎందుకంటే సరిగ్గా అదే తప్పు నేనూ చేశాను. నా చెయ్యి ఉక్కుకు అలవాటు పడిన చెయ్యి. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది, అది రోజూ చూసేవాణ్ని. ఇత్తడికీ అంతే అనుకున్నాను. మొదటిసారి నలభై కేసులు ముందేసుకుని, ఒక్కోదాన్నీ అడుగు అంచు దగ్గర పటకారుతో పట్టుకుని, దానిమ్మ గింజ రంగు వచ్చేదాకా టార్చ్ మంటలో ఉంచాను. ఒక్కోదానికి దాదాపు నిమిషం. తర్వాత చుయ్యిమంటూ నీళ్లలో. చూడ్డానికి ఎంత బాగున్నాయో! మర్నాడు ఒక కేసులో మందు లేకుండా ఉత్త బుల్లెట్ కూర్చోబెట్టి, దాని మొనను బల్లకు ఆనించి బొటనవేలితో నొక్కాను. బుల్లెట్ సాఫీగా లోపలికి జారిపోయింది. నిజం తూటాలో అలా జరిగితే లోపలి ఖాళీ తగ్గి, పేల్చినప్పుడు పీడనం పెరుగుతుంది.

అప్పుడు భయం పుట్టి, పనిచేసే చోట ఒక కేసును నిలువునా కోసి వికర్స్ యంత్రం కింద పెట్టాను. వికర్స్ అంటే చిన్న వజ్రం మొనతో లోహాన్ని గుచ్చి, పడిన గుంట కొలిచి గట్టిదనం చెప్పే యంత్రం. మెడ 62 చూపించింది. కొత్త కేసులో అది వంద దగ్గర ఉండాలి. అదైనా ఫరవాలేదు, రెండు మూడుసార్లు డైలో నలిగితే మళ్లీ కాస్త బిగుసుకుంటుంది. నా గుండె జారింది అడుగు చూశాక. 150 దాటి ఉండాల్సిన చోట 95. మెడకు పెట్టిన కాక నిమిషంలో అడుగుదాకా పాకి, దాన్నీ మెత్తబరిచింది. 308 విన్‌చెస్టర్ అనే రకం తూటాకు సామీ (అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) ప్రమాణాల్లో అనుమతించిన గరిష్ఠ పీడనం 62,000 పీఎస్‌ఐ. కారు టైరులో మనం కొట్టించేది ముప్పై చిల్లర. ఆ పీడనానికీ మీ ముఖానికీ మధ్య అడ్డుగా నిలిచే వాటిలో కేసు అడుగు ఒకటి. అది మెత్తబడితే ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) కూర్చునే గుంట వదులవుతుంది, వేడి గ్యాసు వెనక్కి తన్నుకొస్తుంది. నలభై కేసులనూ వైస్‌లో పెట్టి చదును చేశాను. ఎవరైనా ఏరుకుని వాడతారేమోనని భయం.

ఆ రోజు బుర్రకెక్కిన సంగతి ఇది: ఇత్తడి వేడికి మెత్తబడడమే గానీ వేడితో గట్టిపడదు. నీళ్లలో ముంచినా, గాలికి వదిలేసినా మెత్తదనంలో తేడా రాదు. మళ్లీ గట్టిపడాలంటే నొక్కాలి, కొట్టాలి, సాగదీయాలి. మెడను డైలో నొక్కగలం. అడుగును మళ్లీ ఫ్యాక్టరీలోలా కొట్టి గట్టిపరచడం మన ప్రెస్ వల్ల కాదు. అందుకే అడుగుకు ఒకసారి కాక తగిలిందంటే ఆ కేసు పని అయిపోయినట్టే. మరి నీళ్లు దేనికంటే, మెడ నుంచి కిందికి పాకుతున్న వేడిని అక్కడికక్కడే ఆపడానికి. అంతకుమించి దానికి మహిమ ఏమీ లేదు. మంట టైమింగ్ సరిగ్గా ఉంటే అదీ అక్కర్లేదు. నేను ఇప్పుడు నీళ్లు వాడను, తర్వాత ఆరబెట్టే చాకిరీ నాకు చిరాకు.

కొవ్వొత్తి సంగతేమిటంటే, కేసు అడుగును వేళ్లతో పట్టుకుని, వేలు చురుక్కుమన్నప్పుడు వదిలేయమంటారు. మంచి ఉద్దేశమే, అడుగు మాత్రం భద్రం. కానీ ఆ మంట మెల్లగా వేడెక్కిస్తుంది. మెడ చేరాల్సిన వేడికి చేరేలోపే వేళ్లు కాలతాయి. ఎన్ని కేసులు చేసినా మసి తప్ప మిగిలేదేమీ ఉండదు.

ఇక మీరు చేయాల్సింది. చిన్న గ్యాస్ టార్చ్, కేసు అడుగు వదులుగా పట్టేంత లోతు సాకెట్, దాన్ని తిప్పడానికి బ్యాటరీ డ్రిల్. వీటితోపాటు టెంపిలాక్ లాంటి, వేడికి కరిగే సూచిక రంగు రెండు రకాలు కొనండి. ఒకటి 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగేది, ఇంకొకటి 230 దగ్గర కరిగేది. ముందు పాత ప్రైమర్ తీసేసి, కేసు శుభ్రం చేసి, చీలిన పదకొండింటిలో ఒకదాన్ని ప్రయోగానికి తీసుకోండి. మెడ లోపల మొదటి రంగు పూయండి. భుజం (మెడ కింద కేసు వెడల్పయ్యే వాలు) నుంచి కిందికి అడుగుదాకా రెండోది సన్నటి గీతలా గీయండి. ఆరాక అది సున్నం పూసినట్టు తెల్లగా పొడిగా ఉంటుంది.

గదిలో లైటు ఆర్పండి. డ్రిల్ మెల్లగా తిప్పుతూ, నీలి మంట మొన మెడా భుజమూ కలిసే చోట తగిలేలా పెట్టి, నోటితో లెక్కపెట్టండి. మొదటి మూడు సెకన్లు ఏమీ జరగదు. ఆ తర్వాత మెడ లోపలి సున్నపు పొర ఒక్కసారి తడిసినట్టు మెరుస్తుంది. అంటే 400 వచ్చింది. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. నా లెక్కలో అది కొంచెం తొందర. ఇత్తడి మెత్తబడడం వేడి, సమయం రెండూ కలిస్తేనే జరుగుతుంది. గంటసేపు ఉంచితే 400 చాలు. రెండు మూడు సెకన్లలో పని కావాలంటే 500 దాటాలి. ఇంకో సెకను ఆగితే, చీకట్లో మాత్రమే కనిపించేంత సన్నటి ఎరుపు మూతి అంచున పుడుతుంది. అది సుమారు 525 డిగ్రీలు. ఆ ఎరుపు పుట్టీ పుట్టగానే మంట తీసేయండి. మీరు ఎంతదాకా లెక్కపెట్టారో అది మీ సమయం. నా టార్చ్‌తో 308కి ఆరు సెకన్లు. మీ టార్చ్ వేరు, మీ కేసు మందం వేరు కాబట్టి నా ఆరును నమ్ముకోకండి. ఇప్పుడు రెండో రంగు చూడండి. భుజం కింద కొద్దిమేర కరిగి ఉంటే సరే. కేసు సగం దాటి కిందికి కరిగిందంటే మంట బలం తక్కువై మీరు ఎక్కువసేపు ఉంచారన్నమాట. మంట పెంచి సమయం తగ్గించండి. తగ్గించాల్సింది మంట అనుకుంటారు అందరూ. అది తిరకాసు. వేడి కిందికి పాకడానికి వ్యవధి దొరక్కుండా, ఎక్కువ మంటతో తక్కువసేపు చేయాలి.

రెండు మూడు కేసుల మీద సమయం కుదిరాక మిగతావన్నీ అదే లెక్కతో, రంగు లేకుండా చేసేయొచ్చు. మధ్యలో టీకి లేచి, గ్యాస్ డబ్బా మార్చి వస్తే మాత్రం ఒకదానికి రంగు పూసి మళ్లీ చూసుకోండి. డబ్బా ఖాళీ అవుతున్నకొద్దీ మంట తగ్గుతుంది.

చీలిన పదకొండూ ఎలాగూ పారేయాల్సినవే, చీలిక కాకతో అతకదు. మిగతా ఎనభై తొమ్మిదీ ఆరుసార్లు నలిగినవే కదా, వాటికి ఇప్పుడే చేయండి.

ప్రశ్న: కొత్తగా కొన్న కేసుల మెడ మీద నీలం, గోధుమ రంగు మచ్చ చుట్టూరా ఉంది. పాతవి నాకు అంటగట్టారా?

జవాబు: లేదండీ. అది ఫ్యాక్టరీలో కాక పెట్టిన గుర్తు. సైన్యానికి వెళ్లే తూటాల మీద, కాక పెట్టారని కంటికి కనబడాలని ఆ రంగు అలాగే ఉంచుతారు. మార్కెట్‌కు అమ్మేవాళ్లు చాలామంది పాలిష్ చేసి తీసేస్తారు, కొనేవాళ్లు మీలాగే అనుమానపడతారని. ఒక హెచ్చరిక. మీరు ఇంట్లో చేసినప్పుడు కూడా ఆ రంగు వస్తుంది గానీ, రంగు చూసి పని కొలవకండి. వేడితోపాటు ఇత్తడి ఎంత శుభ్రంగా ఉందన్నదాన్ని బట్టి కూడా అది మారుతుంది. సరిగ్గా మెత్తబడని మెడ మీద కూడా అందమైన నీలం రావొచ్చు.

ప్రశ్న: ఒక్కొక్కటీ చేసే ఓపిక లేదు. అన్నింటినీ ట్రేలో పెట్టి ఓవెన్‌లో పెడితే?

జవాబు: వంటింటి ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ వేడికి మెడ మెత్తబడదు, మీ కేసులు వెచ్చగా బయటికొస్తాయి, అంతే. ఇంకా వేడెక్కే కొలిమిలో పెడితే మెడతోపాటు అడుగూ మెత్తబడుతుంది. అంటే ఓవెన్ పని చేయకపోతే దండగ, పని చేస్తే ప్రమాదం.

ఓపిక లేనివాళ్లకు ఇండక్షన్ మెషిన్లు ఉన్నాయి. కాయిల్ మధ్యలో మెడ పెడితే మంట లేకుండా సెకన్లలో పని చేస్తాయి, ప్రతి కేసుకూ ఒకేలా. ఖర్చు ఎక్కువ. కరిగిన ఉప్పులో మెడ ముంచే పద్ధతి కూడా కొందరు వాడతారు. దాన్ని నేను సిఫారసు చేయను. పని చేయదని కాదు. సాల్ట్ బాత్ దగ్గర నాలుగేళ్లు పని చేశాను. 500 డిగ్రీల ఉప్పులో కడిగి సరిగ్గా ఆరని వస్తువు ఒకటి దిగితే, ఆ తడి ఆవిరై ఉప్పును ఎలా చిమ్ముతుందో నా ఎడమ ముంజేతి మీద మచ్చ చెబుతుంది. నీళ్లతో కడిగిన కేసు లోపల ఒక్క చుక్క మిగిలినా అదే జరుగుతుంది.

ప్రశ్న: కేసులు తళతళలాడాలని ఇత్తడి సామాన్లు తోమే ద్రవం వాడుతున్నాను. ఘాటైన వాసన వస్తోంది. దానివల్ల మెడలు చిట్లుతాయా?

జవాబు: ఆ ఘాటు అమోనియాది అయితే చిట్లుతాయి. సీసా మీద రాసి ఉంటుంది, చదవండి.

దీని వెనక ఒక కథ ఉంది, నాకు భలే ఇష్టం. బ్రిటిష్ వాళ్లు ఇండియాను ఏలుతున్న రోజుల్లో వానాకాలం వస్తే సైన్యం కదలికలు తగ్గేవి. తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే, ఒక్కసారి కూడా పేల్చని తూటాలు చీలి ఉండేవి, ముఖ్యంగా బుల్లెట్‌ను కేసు బిగించి పట్టుకున్న చోట. వానల రుతువులో వచ్చే చీలిక కాబట్టి 'సీజన్ క్రాకింగ్' అన్నారు. అసలు సంగతి 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడి లోపల మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తేనే చీలిక. రెండింటిలో ఒకటి తీసేస్తే చీలదు. ఇత్తడికి కాక పెట్టడం ఆ బిగువును తీసేసే పని.

మీ విషయానికొస్తే, సైజింగ్ చేసి, బుల్లెట్ కూర్చోబెట్టిన మెడ నిండా బిగువే. అందులో అమోనియా తడి మిగిలిందంటే మీ అలమారాయే గుర్రపుశాల. ఆ ద్రవం మానేయండి. మామూలు సబ్బు నీళ్లు, కొంచెం సిట్రిక్ యాసిడ్ చాలు. తళతళ మరీ ముఖ్యమైతే పొడి మీడియా (రుద్ది మెరుగుపెట్టే గింజలు) వేసి టంబ్లర్ అనే మెరుగుపెట్టే యంత్రంలో తిప్పండి. పేల్చిన కేసుల్లో ప్రైమర్ల సీసం మసి ఉంటుంది కాబట్టి ఆ దుమ్ము పీల్చకండి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

ప్రశ్న: కేసు అడుగుకు కొంచెం పైన, చుట్టూ మెరిసే ఉంగరంలాంటి గీత పడింది. అక్కడ కాక పెడితే సరవుతుందా?

జవాబు: అక్కడ మంట పెట్టారంటే కొరివితో తల గోక్కున్నట్టే. ఆ గీత దగ్గర కేసు గోడ సాగి పలచబడింది. గట్టిపడడం వేరు, పలచబడడం వేరు. కాక మొదటిదాన్ని బాగుచేస్తుంది, రెండోదానికి మందు లేదు. సన్నటి తీగ తీసుకుని, కొస సాన పట్టి చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపల గోడకు ఆనించి అడుగు నుంచి పైకి లాగండి. గీత ఉన్న చోట కొస గుంటలో పడి తట్టుకుంటే ఆ కేసును నలిపి పారేయండి. తట్టుకోకపోతే అది ఛాంబర్ అంచు గుర్తు కావొచ్చు. అయినా అదే బ్యాచ్‌లోవి ఇంకో నాలుగు పరీక్షించండి. అన్నింటికీ ఆ గీత పడుతుంటే మీ సైజింగ్ డై భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెడుతోంది. దాన్ని కొంచెం పైకి సర్దుకోండి.

ప్రశ్న: మందు, బుల్లెట్ అన్నీ పెట్టేశాక మెడకు కాక పెట్టడం మర్చిపోయానని గుర్తొచ్చింది. కొంచెంగా మంట చూపిస్తే?

జవాబు: వద్దు. ఎంత కొంచెమైనా వద్దు. బుల్లెట్ పుల్లర్‌తో విప్పండి, లేదంటే ఈసారికి అలాగే పేల్చి, తర్వాత కాక పెట్టుకోండి. మంట ఉన్న బల్ల మీద నింపిన తూటా గానీ, మందు డబ్బా గానీ, వాడని ప్రైమర్ గానీ ఉండకూడదు. అసలు ఆ గదిలోనే ఉండకపోతే మేలు.

ప్రశ్న: ఎన్నిసార్లకు ఒకసారి చేయాలి? నికెల్ పూత ఉన్నవాటికీ చేయొచ్చా?

జవాబు: నికెల్ పూత ఉన్నవాటికి నేను చేయను. ఆ పూత గట్టిది, ఇత్తడి మెత్తబడినా అది మెత్తబడదు. పైగా పూత మీద ఎరుపు ఎప్పుడు పుడుతుందో చూడ్డం కష్టం. చీలేదాకా వాడి వదిలేయండి.

మామూలు ఇత్తడికి మూడు నాలుగు పేల్పులకు ఒకసారి చేస్తే మెడలు చీలడం బాగా తగ్గుతుంది. దూరం పోటీలకు వెళ్లేవాళ్లు ప్రతిసారీ చేస్తారు. మెడ ప్రతిసారీ ఒకే మెత్తదనంతో మొదలవ్వాలన్నది వాళ్ల పట్టుదల, అది నిజమే. నేను ప్రతి మూడోసారి చేస్తాను, సైజింగ్‌కు ముందు. డబ్బా మూత మీద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటాను, ఒక పేల్పుకు ఒక నిలువు గీత, కాక పెట్టినప్పుడు వాటి మీద అడ్డగీత. రెండు డబ్బాల కేసులు ఎప్పుడూ కలపను. ఒకసారి మా మనవడు సాయం చేస్తానని రెండు డబ్బాలవీ ఒకే గిన్నెలో పోసి ఎంతో శ్రద్ధగా తోమిపెట్టాడు. ఏది ఎన్నిసార్లు పేలిందో తెలియక అన్నింటికీ కాక పెట్టి, కొత్త మూత మీద మొదటి గీత నుంచి మొదలుపెట్టాను.